అరువు తెచ్చుకున్న చెయ్యి

నార్బర్ట్ హెల్లర్‌మన్‌కి ఈర్ష్య ఎక్కువని మా సెయింట్ ఓడిల్‌లో అందరికీ తెలుసు, ఒక్క నార్బర్ట్‌కి తప్ప. అడిగితే, "నాకేం ఈర్ష్య? ఎవడి బతుకు వాడిది" అనేవాడు. అదీ నిజమే. పక్కవాడు కొత్త ట్రాక్టరు కొంటే వెళ్ళి చక్రాలు తట్టి చూసి, బాగుందని మనసారా చెప్పి వచ్చేవాడు. పొలాల మీదా, ఇళ్ళ మీదా అతనికి కన్నుండేది కాదు. తనవాళ్ళనుకున్న మనుషులు ఇంకొకరి వైపు తిరిగి నవ్వితే మాత్రం ఓర్చుకోలేకపోయేవాడు.

పొద్దున్నే పాల ట్యాంకరు వేసుకుని చుట్టుపక్కల పశువుల కొట్టాలన్నీ తిరిగి, పాలు నింపుకుని డెయిరీలో అప్పజెప్పేవాడు. ఆదివారం మధ్యాహ్నం మా ఊరి బేస్‌బాల్ జట్టుకి పిచర్, అంటే బంతి వేసేవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. అతని బంతిలో వేగం లేదు. బ్యాటు దాకా వచ్చి చివర్లో కిందికి జారిపోయేది, అంతే. ఆ జారుడుతోనే పంతొమ్మిదేళ్ళు నెట్టుకొచ్చాడు. ఆ పంతొమ్మిదేళ్ళూ మా జట్టులో బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని ఆ బంతి పట్టిన క్యాచర్ ఒక్కడే, లైనస్ వెల్లెన్. మా ఊరి ఇనప సామాన్ల కొట్టు అతనిది. జట్టుకి మేనేజరూ అతనే. నార్బర్ట్ అక్క రోజీనాని చేసుకున్నాడు కాబట్టి బావ కూడా.

ఆ పెళ్ళికి నేనూ వెళ్ళాను. అందరం పోల్కా డాన్సు చేస్తుంటే నార్బర్ట్ బీరు పీపా పక్కన మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. అక్క వెళ్ళిపోతోందని బెంగపెట్టుకున్నాడనుకున్నాం. చాలా ఏళ్ళ తర్వాత అతని భార్య డెల్ఫీన్ నవ్వుతూ చెప్పింది, "అక్క పోతోందని కాదు. లైనస్‌ని అక్క ఎత్తుకుపోతోందని."

నేను కుడివైపు మైదానం కాసేవాణ్ణి. బంతి అటు వచ్చేది తక్కువ. ఊరికే నిలబడి మనుషుల్ని చూసే తీరిక దొరికేది. అందుకే ఇదంతా నాకు తెలుసు.

ఆ ఏడాది ఆగస్టులో మేం మొదటిసారి రాష్ట్ర పోటీలకు వెళ్ళాం. అంతకుముందు ప్రతి ఏడూ మా ప్రాంతపు పోటీల్లోనే ఓడిపోయి ఇంటికొచ్చేవాళ్ళం. ఈసారి చివరి ఆటలో పక్కూరు బ్రాటెన్ మీద గెలిచాం. వాళ్ళు తాతల నాడు నార్వే నుంచి వచ్చినవాళ్ళు, మాకూ వాళ్ళకీ పాత పోటీ. బ్రాటెన్ పిచర్ ఎవరనుకున్నారు? హాల్వర్ నీగార్డ్. ఒకప్పుడు పెద్ద లీగులో నాలుగేళ్ళు ఆడినవాడు. వాళ్ళ ఊరి బ్యాంకులోకి అడుగుపెడితే ఎదురుగా అతని ఫొటోయే. ఇప్పుడు నలభై దాటాయి, విత్తనాలు అమ్ముకుంటున్నాడు. అయినా ఆదివారం అతను ఆడుతున్నాడంటే జిల్లా అంతా కదిలొచ్చేది. అలాంటివాడి మీద నార్బర్ట్ ఒక్క పరుగు తేడాతో గెలిచాడు. ఆ సాయంత్రం నార్బర్ట్ నడకే వేరు. చూసి ముచ్చటపడ్డాం.

ఆ ముచ్చట రెండు రోజులు నిలిచింది.

రాష్ట్ర పోటీలకు వెళ్ళే జట్టు, తన ప్రాంతంలో ఓడిన జట్ల నుంచి పిచర్లని అరువు తెచ్చుకోవచ్చని మా దగ్గరో పద్ధతుంది. వరస ఆటలకి ఒక్క చెయ్యి చాలదు కాబట్టి అది పెట్టారు. మంగళవారం సాయంత్రం పాలు పితకడాలు అయ్యాక వర్జిల్ బారు వెనక గదిలో కూర్చున్నాం. లైనస్ తిన్నగా విషయానికొచ్చాడు.

"హాల్వర్ నీగార్డ్‌ని అడుగుదామనుకుంటున్నా. మీరేమంటారు?"

వర్జిల్ బీరు పోస్తూ పోస్తూ ఆగిపోయాడు. "అడగడమేంట్రా, వెళ్ళి ఎత్తుకొచ్చెయ్. వాడు మన చొక్కా తొడుక్కుని బంతి వేసే దిబ్బెక్కితే చాలు, సగంమందికి అక్కడే కాళ్ళొణుకుతాయి."

"ముందు మన చొక్కా వాడికి పట్టాలిగా, ఆ పొట్ట చూశావా?" అన్నారెవరో. గదంతా నవ్వులు.

"నార్వే వాణ్ణి తెచ్చుకుని గెలిచామని తెలిస్తే మా నాన్న సమాధిలోంచి లేచొచ్చి నన్ను తంతాడు," అన్నాడు మా మూడో బేస్ కాసేవాడు.

"మీ నాన్న గెలవకుండానే పోయాడు కదరా, కాస్త ఆలోచించుకో!"

అప్పుడు నార్బర్ట్ గొంతు సవరించుకున్నాడు. జట్టు కూర్చున్నప్పుడు అతను నోరు విప్పడం నేనెప్పుడూ వినలేదు. అందరం అటు తిరిగాం.

"వాడి భుజం అయిపోయింది. మనతో ఆడిన రోజు మీరెవరూ చూళ్ళేదా? ఐదో ఇన్నింగ్స్ నుంచి బంతి బంతికీ మధ్య మట్టి తన్నుతూ నిలబడ్డాడు. ఎందుకనుకున్నారు, చేతికి ఊపిరాడక. పేరు చూసి తెచ్చుకుంటాం, సరే. ఒక ఆట బాగా వేస్తాడు, అదీ ఒప్పుకుంటా. రెండోసారి కావాల్సొచ్చేసరికి భుజానికి మంచుగడ్డ కట్టుకుని బెంచీ మీద కూర్చుంటాడు. పోనీ వాడి బదులు బ్రాటెన్‌లోనే ఇంకో కుర్రపిచర్ ఉన్నాడు, వాణ్ణి తెచ్చుకోండి. వారం వారం వెయ్యగలడు. పేరు లేదు గానీ చెయ్యుంది."

మాట్లాడింది అక్షరాలా సబబు. నాకు తెలిసి ఆ గదిలో సగంమంది అటు మొగ్గారు కూడా. తను ఓడించినవాణ్ణి తెచ్చి తన పక్కనే నిలబెడతారా అన్నది అతని కడుపులో మంట. అది పైకి రాకుండా ఎంత శుభ్రంగా మాట్లాడాడో అనుకున్నాను.

లైనస్ అంతా విని గ్లాసు కింద పెట్టాడు. "నువ్వు చెప్పింది ప్రతి ముక్కా నిజమే నార్బీ. నేనూ చూశా. అయినా ఒక్క ఆటైతే ఒక్క ఆటే. ఆ చేతి బంతి ఒక్కసారి పట్టాలని ఉంది నాకు."

జట్టుకు కావాలి అని ఉంటే సరిపోయేది. నాకు, అన్నాడు. ఆ మాటతో నార్బర్ట్ చెవులు ఎర్రబడ్డాయి. చేతులెత్తమంటే అందరికంటే ముందు అతనే ఎత్తాడు. ఎత్తకపోతే ఈర్ష్య అనుకుంటారని.

హాల్వర్ గురువారం సాధనకు వచ్చాడు. చెడ్డవాడైనా బాగుండేది, నార్బర్ట్‌కి తిట్టుకోవడానికి వీలుండేది. అతను వస్తూ వస్తూ వ్యాను నిండా మొక్కజొన్న కండెలు తెచ్చి అందరికీ పంచాడు. అందరి పేర్లూ అడిగి గుర్తుపెట్టుకున్నాడు. నార్బర్ట్ దగ్గరికి ప్రత్యేకంగా వెళ్ళి చెయ్యి కలిపాడు.

"ఆ జారే బంతి ఎవరు నేర్పారండీ మీకు? నేను జీవితమంతా ప్రయత్నించా, రాలేదు."

"ఎవరూ నేర్పలేదు. నా చేతిలో బలం లేక అదే జారుతుంది," అన్నాడు నార్బర్ట్. హాల్వర్ దాన్ని హాస్యమనుకుని పెద్దగా నవ్వాడు.

తర్వాత లైనస్ అతని బంతులు పట్టడానికి కూర్చున్నాడు. మొదటి బంతికే చప్పుడు మైదానం అంచు దాకా, నా దాకా వినిపించింది. నార్బర్ట్ బంతి లైనస్ గ్లవ్‌లో పడితే తలుపు మెల్లగా వేసినట్టుండేది. ఇది తుపాకీ పేలినట్టుంది. లైనస్ మాస్క్ పైకి నెట్టి, చెయ్యి విదిలించి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. తర్వాత తన సంచిలోంచి స్పాంజి ముక్కొకటి తీసి గ్లవ్ లోపల అరచేతికి అడ్డం పెట్టుకున్నాడు. వేగంగా వేసేవాళ్ళకి పట్టేటప్పుడు క్యాచర్లు అలా పెట్టుకుంటారు. ఇన్నేళ్ళలో నార్బర్ట్‌కి పట్టడానికి అతనికి ఆ అవసరం ఒక్కసారీ రాలేదు. అదీ గాక, ఆ స్పాంజి కొత్తది. గురువారం కోసమని ముందే కత్తిరించి తెచ్చుకున్నాడు.

నార్బర్ట్ కంచె దగ్గర నిలబడి అదంతా చూశాడు. ఆ రోజు అతను బంతి ముట్టుకోలేదు. భుజం పట్టేసిందన్నాడు.

ఆ తర్వాతి సంగతులు డెల్ఫీన్ చెప్పగా తెలిశాయి. ఇంటికెళ్ళేసరికి ఆమె దోసకాయలు సీసాల్లో ఊరబెడుతోంది. అప్పుడే రోజీనా ఫోను చేసింది, మీ బావ అరచెయ్యి వాచిపోయిందిరా, చెంచా కూడా పట్టుకోలేకపోతున్నాడు అని. బాధగా చెప్పి ఉంటే వేరు. ఆమె గొంతులో గర్వం వినిపించిందట. నార్బర్ట్ ఫోను పెట్టేసి వంటింట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరగడం మొదలుపెట్టాడు.

"వాచిందట. వాచదూ మరి? మతి లేకపోతే సరి. ఆ వయసులో ఆ చేత్తో..."

"ఏమయ్యా, నీకు పెళ్ళయింది నాతోనా, లైనస్‌తోనా?" అంది డెల్ఫీన్.

"నీకు అన్నీ వేళాకోళాలే."

"వేళాకోళం కాదు. నా పుట్టినరోజు ఎన్ని ఆదివారాలు వచ్చిందో నీకు తెలుసా? తెలీదు. ఎందుకంటే ఒక్కసారి కూడా నువ్వు ఇంట్లో లేవు. పిల్లలకి జ్వరమొచ్చినా, మా అమ్మ ఆస్పత్రిలో ఉన్నా, మధ్యాహ్నమయ్యేసరికి నువ్వూ మీ బావా ఆ మైదానంలో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ కూర్చునేవాళ్ళు. ఇన్నేళ్ళు నేను పడ్డదాన్ని నువ్వు ఒక్క వారం పడలేకపోతున్నావు. పో, ఆ మూతలు అందుకో."

అతను మూతలు అందించాడు. ఆమె కూడా ఈర్ష్యపడుతూ వచ్చిందన్న సంగతి ఆ రోజు దాకా అతనికి తోచలేదు. తోచాక కూడా, తన ఈర్ష్య రవ్వంతైనా తగ్గలేదట. ఆమె మాటలే, "పాపం, ఇంకో గదిలో ఎవరికో కూడా పన్ను నొప్పి ఉందని తెలిస్తే మన పన్ను ఆగుతుందా?"

రాష్ట్ర పోటీల్లో శనివారం మొదటి ఆట నార్బర్ట్ వేశాడు. బ్రహ్మాండంగా వేశాడు. జారుడు జారుడుగా తొమ్మిది ఇన్నింగ్సూ అతనే వేసి గెలిపించాడు. మా ఊరి చరిత్రలో రాష్ట్ర పోటీల్లో అదే మొదటి గెలుపు. ఆట అయిపోగానే జనం కంచె దూకి మైదానంలోకి వచ్చారు. వచ్చినవాళ్ళు నార్బర్ట్ పక్కనుంచి దాటుకుని వెళ్ళి, బెంచీ మీద తీరిగ్గా పొద్దుతిరుగుడు గింజలు నములుతున్న హాల్వర్ చుట్టూ మూగారు. బంతుల మీద సంతకాలు, పక్కన నిలబడి ఫొటోలు. ఒకావిడ నార్బర్ట్ చేతికి కెమెరా ఇచ్చి, "కాస్త మా ఇద్దరికీ ఒకటి తీసిపెడతారా?" అని అడిగింది. అతను తీశాడు. ఆ ఫొటోలో తలలు పడ్డాయో లేదో నాకు తెలియదు.

ఆదివారం హాల్వర్ వంతు. అవతల డూలాక్ జట్టు. వాళ్ళ నాలుగో బ్యాటర్ ఎడమచేతివాడు, ఎద్దులాంటివాడు. ఆటకు ముందు లైనస్ బెంచీ దగ్గరికొచ్చి నార్బర్ట్ పక్కన కూర్చుని కాళ్ళకి ప్యాడ్లు కట్టుకుంటున్నాడు.

"నార్బీ, రెండేళ్ళ క్రితం లిచ్‌ఫీల్డ్‌లో వేరే జట్టుతో కలిసి నువ్వొక ఆట వేశావుగా, నేను రాలేదు, రోజీనాకి ఆపరేషనప్పుడు. ఆ ఎడమచేతివాడు అందులో ఉన్నాడటగా. వాడి సంగతేంటి?"

"గుర్తులేదు బావా."

అబద్ధం. అతనికి బాగా గుర్తుంది. ఆ ఎడమచేతివాడు నార్బర్ట్ బంతిని అక్కడి మైదానం పక్కనున్న చెరువులోకి కొట్టాడు. కింద పడే బంతి ఎక్కడున్నా తవ్వి తీసి కొడతాడు, ఛాతీ ఎత్తున వేస్తే మాత్రం గాలిని కోస్తాడు. ఆ ముక్క చెప్పడానికి ఒక నిమిషం పట్టదు. బెంచీ చివర కూర్చున్న నాకు ఆ "గుర్తులేదు" వినపడింది. నాకా రోజు నిజం తెలియదు కాబట్టి నేనేమీ అనుకోలేదు.

హాల్వర్ ఆ రోజు వేసిన బంతులు నేను చచ్చేదాకా మరిచిపోను. నలభై దాటిన శరీరం, పట్టీ పట్టని మా చొక్కా. దిబ్బ మీద నిలబడ్డాక అవేవీ కనపడలేదు. డూలాక్ వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి బ్యాటు ఊపి వెళ్ళి కూర్చున్నారు. ఆ ఎడమచేతివాడు కూడా రెండుసార్లు ఊపి వెళ్ళాడు. వాడికి అప్పుడు పడ్డవన్నీ ఎత్తు బంతులే. హాల్వర్ చేతిలో ఇంకా ఊపు ఉంది కాబట్టి అలా పడ్డాయి. ఇన్నింగ్స్ మధ్యలో నేను బెంచీ దగ్గరికి వచ్చినప్పుడల్లా నార్బర్ట్ మొహం చూశాను. ఆకలిగా ఉన్నవాడు వేరేవాళ్ళ భోజనం చూస్తున్నట్టుంది. అందంగా ఉందని ఒప్పుకోకుండా ఉండలేకపోతున్నాడు, ఒప్పుకున్నందుకు తనని తాను క్షమించుకోలేకపోతున్నాడు.

ఏడో ఇన్నింగ్స్‌లో హాల్వర్ మట్టి తన్నడం మొదలుపెట్టాడు. మేం రెండు పరుగులు ముందున్నాం. వాళ్ళవాళ్ళిద్దరు బేసుల మీదికి చేరారు. నాలుగోవాడు బ్యాటు తిప్పుకుంటూ వచ్చాడు. హాల్వర్ బంతిలో వేగం తగ్గింది, కాబట్టి లైనస్ తెలివిగా గ్లవ్‌ని కిందికి, నేల దగ్గరికి దించాడు. అక్కడ వెయ్యమని చూపించడమన్నమాట, కింద పడితే ఏ బ్యాటరైనా కష్టపడతాడని.

"ఆగు! ఆపు ఆట!"

నేను మైదానంలోంచి తిరిగి చూశాను. నార్బర్ట్ బెంచీ మీంచి లేచి గీత దాకా వచ్చేశాడు. అంపైర్ చేతులెత్తాడు. లైనస్ మాస్క్ తీసి అతని దగ్గరికి నడిచాడు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో తర్వాత లైనసే చెప్పాడు.

"పైన వెయ్యమను. ఛాతీ ఎత్తున. కింద వేస్తే నా బంతిని చెరువులో తేల్చాడు."

"గుర్తులేదన్నావుగా?"

"ఇప్పుడు గుర్తొచ్చింది."

లైనస్ అతన్నే చూస్తూ నిలబడ్డాడట. అరవై అడుగుల ఎడంలో ఎదురెదురుగా ఉండి అన్నేళ్ళు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుని బతికిన మనుషులు. చెప్పకుండానే అంతా అర్థమైంది. "సరే," అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

పైన వేశారు. ఎడమచేతివాడు గట్టిగా ఊపాడు, బంతి బాగా ఎత్తుగా లేచి నా వైపు వచ్చింది. ఎండ కళ్ళల్లో పడుతున్నా ఎలాగో పట్టాను. నా బతుకులో చెప్పుకోదగ్గ క్యాచ్ అదొక్కటే. ఆ తర్వాత ఇద్దర్ని మా కుర్రాళ్ళు ఔట్ చేశారు. మిగతా రెండు ఇన్నింగ్సూ ఎలాగో గట్టెక్కి ఆట గెలిచాం.

హాల్వర్ తిన్నగా నార్బర్ట్ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "మీరు లేకపోతే మునిగేవాణ్ణి. ఈ గెలుపు మీదే."

నార్బర్ట్ ఆ చేతి కిందనుంచి పక్కకి తప్పుకున్నాడు. నిజం తెలియని మనిషి మెచ్చుకుంటుంటే అతనికి కారం పూసినట్టుంది. నిజం తెలిసిన లైనస్ దూరంగా ప్యాడ్లు విప్పుకుంటున్నాడు, ఇటు చూడటం లేదు. తిరిగొచ్చేటప్పుడు వాళ్ళిద్దరూ ఎప్పుడూ ఒకే బండిలో వచ్చేవాళ్ళు. ఆ రోజు లైనస్ హాల్వర్ వ్యానెక్కాడు. నార్బర్ట్ నా బండిలో కూర్చుని సెయింట్ ఓడిల్ దాకా మొక్కజొన్న చేలు చూస్తూ ఉన్నాడు. నాకు నిజం చెప్పింది ఆ దారిలోనే.

మరుసటి వారం అతను చెప్పినట్టే జరిగింది. హాల్వర్ భుజం లేవలేదు. చొక్కా తొడుక్కోవడానికి కూడా ఇంకొకరు సాయం పట్టాల్సొచ్చింది. నార్బర్టే వేశాడు. బాగానే వేశాడు, కానీ మావాళ్ళు ఒక్క పరుగూ తియ్యలేకపోయారు. ఒకటీ సున్నాతో ఓడి ఇంటికొచ్చాం. వర్జిల్ బారులో ఆ సాయంత్రం ఎవరూ నార్బర్ట్ మాట నిజమైందని అనలేదు. "హాల్వర్ ఉండుంటేనా!" అన్నారు. ఆ మాట శీతాకాలమంతా అన్నారు. అతను ఉన్నా పరుగులు తియ్యాల్సింది మేమేనని ఎవరికీ తట్టలేదు.

లైనస్, హాల్వర్ స్నేహితులయ్యారు. చెరువు గడ్డకట్టాక దాని మీద ఒకే గుడిసె వేసుకుని, మంచుకి కన్నం పెట్టి చేపలు పట్టారు. క్రిస్మస్‌కి రోజీనా ఇంటికి నార్బర్ట్ వెళ్ళేసరికి హాల్వర్ చెక్కిన చెక్క చేప బొమ్మ పొయ్యి పైన పెట్టి ఉంది. నార్బర్ట్ దాన్ని చూడనట్టు కూర్చుని, చూడకుండా ఒక్క నిమిషం కూడా ఉండలేకపోయాడని డెల్ఫీన్ చెప్పింది. బావా బావమరదులు పలకరించుకునేవాళ్ళు. వాతావరణం గురించీ, పాల ధర గురించీ. ఆ ఆదివారం మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

ఏప్రిల్‌లో మంచు కరిగి నేల బురద బురదగా ఉన్నప్పుడు, ఒక సాయంత్రం లైనస్ నార్బర్ట్ ఇంటికొచ్చాడు. చేతిలో గ్లవ్. తలుపు తట్టకుండా కొట్టం వెనక కాస్త గట్టినేల చూసుకుని కూర్చున్నాడు. నార్బర్ట్ ట్యాంకరు కడుగుతున్నవాడల్లా పైపు ఆపేసి, లోపలికి వెళ్ళి బంతి తెచ్చుకున్నాడు. కాసేపు అటూ ఇటూ వేసుకున్నారు.

"మెల్లిగా వెయ్యరా, మోకాళ్ళు ఇంకా నిద్ర లేవలేదు," అన్నాడు లైనస్.

నార్బర్ట్ మెల్లిగానే వేశాడు. ఇంకో నాలుగు బంతులయ్యాక, అడగకూడదు అడగకూడదు అనుకుంటూనే అడిగాడు.

"ఈ ఏడు హాల్వర్ ఎవరికి ఆడతాడట?"

"ఎవరికీ ఆడడు. భుజం ఇంక లాభం లేదన్నాట్ట డాక్టరు. మనకి ఆడతావా అని అడిగా, కుదరదన్నాడు."

నార్బర్ట్ చెయ్యి ఆగిపోయింది. "అడిగావా?"

"అడిగా."

"ఎప్పుడు?"

"ఫిబ్రవరిలో. ఏం?"

"ఏం లేదు."

తర్వాత వచ్చిన బంతుల్లాంటివి తను నార్బర్ట్ చేతినుంచి ఎప్పుడూ పట్టలేదని లైనస్ మాకు చెప్పి చెప్పి నవ్వేవాడు. ఒక్కటీ జారలేదట, అన్నీ తిన్నగా, కోపంగా వచ్చాయట. డెల్ఫీన్ భోజనానికి పిలిచినా నార్బర్ట్ ఆపలేదు. లైనస్ కూడా లేవలేదు. బురదలో మోకాళ్ళు కూరుకుపోయినా కూర్చునే ఉండి, వచ్చినవన్నీ పట్టాడు. ఆ పైన ఇంకో మూడేళ్ళు వాళ్ళిద్దరూ మాకు అలాగే ఆడారు.